రౌటర్‌లో లైట్లు వెలుగుతున్నాయి, వైఫై వస్తోంది, నెట్ మాత్రం రావట్లేదు

కోనసీమ_కొబ్బరి
మొన్న సాయంత్రం గాలివానకి కరెంటు ఏడెనిమిది సార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో నెట్ లేదు. మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. కేబుల్ వాళ్ళు ఇచ్చిన తెల్ల డబ్బా ఒకటి, ఫైబర్ వైరు అందులోకే వస్తుంది. మేడ మీదకి కూడా వైఫై అందాలని రెండేళ్ళ కిందట నేను కొనుక్కున్న నల్ల రౌటర్ ఇంకొకటి. ఫోన్‌లో వైఫై కనెక్ట్ అవుతోంది, గీతలన్నీ నిండుగా ఉన్నాయి, కింద మాత్రం 'ఇంటర్నెట్ లేదు' అని వస్తోంది. రౌటర్ మీద భూగోళం బొమ్మ లైటు ఆకుపచ్చగా ఉండాల్సింది నారింజ రంగులో ఉంది. ఆపి ఆన్ చేయడం ఎన్నిసార్లయిందో లెక్కలేదు. నిన్న విసుగొచ్చి వెనకాల కన్నంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కాను, ఇప్పుడు వైఫై పేరు కూడా కొన్ననాటి పేరైపోయింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే 'మా వైపు సిగ్నల్ బాగానే ఉందండి, మీ రౌటరే కాలిపోయుంటుంది, మా దగ్గర కొత్తది 2,200కి ఉంది' అంటున్నారు. సోమవారం నుంచి పాపకి ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే మధ్యాహ్నానికే రోజు డేటా అయిపోతోంది. టెన్షన్‌గా ఉంది. రౌటర్ నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

మిర్చిబజ్జీ_గుంటూరు
డీఎన్ఎస్ మార్చండి. గూగుల్ వాళ్ళది 8.8.8.8 పెట్టండి, వచ్చేస్తుంది. నాకు దాంతోనే వచ్చింది.

స్తంభం_మీద_నేను
కొత్త రౌటర్ అప్పుడే కొనకండి. పన్నెండేళ్ళుగా ఈ ఫైబర్ పనే చేస్తున్నాను. 'రౌటర్ పోయింది' అని మేం మార్చేసిన డబ్బాల్లో సగం బాగున్నవే.

ముందు తెల్ల డబ్బా దగ్గర నిలబడి చూడండి. పాన్ అని ఒక లైటు, ఎల్ఓఎస్ అని ఒక లైటు ఉంటాయి. పాన్ కదలకుండా వెలుగుతోందా, మిణుకుమిణుకుమంటోందా? ఎల్ఓఎస్ ఎర్రగా ఉందా, ఆరిపోయి ఉందా? ఈ రెండూ చెబితే తప్పు ఇంట్లో ఉందా, బయట ఉందా అన్నది తేలిపోతుంది.

చార్మినార్_చాయ్
పిన్ను ఎందుకు నొక్కారన్నా! అది నొక్కితే లోపల రాసి పెట్టినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మీ కనెక్షన్‌కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉండి ఉంటే అవి కూడా పోయినట్టే. ఇప్పుడు మొదటి గొడవ తీరినా నెట్ రాదు.

కోనసీమ_కొబ్బరి
అది నాకు తెలియదండి. రీసెట్ అంటే రీస్టార్ట్ లాంటిదే అనుకున్నాను.
తెల్ల డబ్బాలో పాన్ ఆకుపచ్చగా కదలకుండా ఉంది. ఎల్ఓఎస్ దగ్గర లైటే లేదు.

స్తంభం_మీద_నేను
ఎల్ఓఎస్ ఆరి ఉండటమే కావాలి. అది వెలిగితేనే కష్టం. అంటే వెలుతురు మీ ఇంటిదాకా వస్తోంది, పాన్ నిలకడగా ఉంది కాబట్టి ఆఫీసులో ఉన్న పెద్ద యంత్రం మీ డబ్బాని గుర్తుపట్టింది కూడా. వాళ్ళు 'సిగ్నల్ బాగుంది' అన్నది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఫైబర్ వరకే. దాని తర్వాత ఇంకో మూడు మెట్లున్నాయి: తెల్ల డబ్బా నుంచి నల్ల రౌటర్‌కి వెళ్ళే లాన్ వైరు, రౌటర్ లోపలి లాగిన్, రౌటర్ నుంచి మీ ఫోన్. ఫోన్‌కి వైఫై వస్తోంది కాబట్టి చివరి మెట్టు బాగానే ఉంది. మధ్య రెండే చూడాలి.

టీచరమ్మ_కర్నూలు
నాది ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగిన కేసు. సోఫా జరిపిన మర్నాడు నుంచి నెట్ ఒక పూట వచ్చేది, ఒక పూట పోయేది. నాలుగు రోజులు రౌటర్‌నే తిట్టుకున్నాం. చివరికి ఒకబ్బాయి వచ్చి పెన్ను లాంటిది తీసి ఫైబర్ కొసకి తగిలించి, గదిలో లైట్లు ఆపమన్నాడు. గోడ నుంచి డబ్బా దాకా ఉన్న ఆ పసుపు వైరులో ఒక్క చోట, సరిగ్గా సోఫా కాలు కింద, ఎర్రటి వెలుతురు వైరు తోలులోంచి చిమ్ముతోంది. పుండు పగిలినట్టు అక్కడే ఎర్రగా. మా అబ్బాయి నోరు తెరిచి చూశాడు. వైరు తెగలేదు, మడత పడిందంతే. సోఫా ఎత్తి, వైరు మార్చి, చేతి గాజంత చుట్ట చుట్టి గోడకి అంటించి వెళ్ళాడు. ఆ తర్వాత మళ్ళీ పోలేదు.

స్తంభం_మీద_నేను
@టీచరమ్మ_కర్నూలు ఆ అబ్బాయికి పని తెలుసు మేడమ్. లోపలున్నది గాజు పోగు. గట్టిగా వంచితే వెలుతురు మలుపు తిరగలేక పక్కకి కారిపోతుంది. డబ్బా సెటింగ్స్‌లో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 27 దాటితే డబ్బాకి చూపు ఆనదు.

ఒక్క మాట అందరికీ. ఫైబర్ వైరుకుండే ఆకుపచ్చ కొస ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని 'వెలుతురు వస్తోందా' అని చూడొద్దు. మామూలుగా అందులో నడిచేది కంటికి కనపడని కాంతి, కనపడలేదు కదాని ప్రమాదం లేదనుకోకూడదు. చొక్కా అంచుతో తుడవొద్దు, నోటితో ఊదొద్దు. దుమ్ము కణం ఒక్కటి చాలు, సిగ్నల్ పడిపోతుంది.

మిర్చిబజ్జీ_గుంటూరు
నా డీఎన్ఎస్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

చార్మినార్_చాయ్
@మిర్చిబజ్జీ_గుంటూరు బ్రో, డీఎన్ఎస్ అంటే పేరు చెబితే నంబరు వెతికి పెట్టేది. అసలు ఇంట్లోంచి బయటికి దారే లేనప్పుడు ఫోన్ బుక్ మారిస్తే ఏం లాభం? కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి పింగ్ కొడితే జవాబు వస్తూ, సైట్ల పేర్లు మాత్రం తెరుచుకోకపోతే అప్పుడు మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. అన్నా, మీరు రౌటర్ పేజీ తెరవండి. 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది, డబ్బా అడుగున స్టిక్కర్ మీద రాసుంటుంది. అందులో వాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు అడ్రసు, ఎంత చూపిస్తోంది?

కోనసీమ_కొబ్బరి
0.0.0.0 అని ఉంది. కనెక్షన్ టైప్ దగ్గర డైనమిక్ ఐపీ అని ఉంది.

చార్మినార్_చాయ్
అదిగో. అన్నీ సున్నాలంటే రౌటర్‌కి బయటి నుంచి అడ్రసు ఇవ్వలేదు. పిన్ను నొక్కాక అది డైనమిక్‌కి, అంటే లాగిన్ లేని పద్ధతికి, మారిపోయింది. కనెక్షన్ పెట్టిన రోజు ఆ అబ్బాయి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టినట్టు గుర్తుందా? ఉంటే మీది పీపీపీఓఈ, అంటే లాగిన్ అయితేనే నెట్ ఇచ్చే పద్ధతి.

కోనసీమ_కొబ్బరి
కొట్టాడు. తన ఫోన్‌లో చూసి కొట్టాడు, నాకు చెప్పలేదు.

డాలస్_పిల్లాడు
అందరి ఇళ్ళలోనూ ఇదే. అమ్మానాన్న ఒంగోలులో ఉంటారు, నేను ఇక్కడి నుంచి వీడియో కాల్‌లో రిపేరు చేస్తుంటాను, వాళ్ళకి తెల్లారితే నాకు రాత్రి. పోయిన సంక్రాంతికి అమ్మ ఇల్లు దులిపి వైర్లన్నీ తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. నెట్ లేదు. 'అన్నీ పెట్టానురా, ఒక్క వైరు కూడా మిగల్లేదు' అంటుంది. నాన్న ఫోన్‌ని డబ్బా వెనక్కి తిప్పి పట్టుకుంటే ఆయన బొటనవేలే తెరనిండా కనిపించేది. చివరికి తేలిందేమిటంటే, నీలం రంగు కన్నంలో ఉండాల్సిన వైరు పక్కనున్న పసుపు కన్నంలో ఉంది. అమ్మకి అవి ఐదూ ఒకే రకం కన్నాలు కదా, ఆవిడ తప్పేముంది. ఆ తర్వాత సెలవుకి వెళ్ళినప్పుడు వైరు కొసకీ కన్నానికీ ఒకే రంగు గోళ్ళ రంగు చుక్క పెట్టి వచ్చాను. వైరు సరైన కన్నంలోనే ఉందో లేదో మీరూ ఒకసారి చూసుకోండి.

హన్మకొండ_అక్క
గోళ్ళ రంగు ఐడియా బాగుంది తమ్ముడూ. నేను అడాప్టర్లకి కూడా పెడతా. మా ఇంట్లో ఒక డబ్బాది 12 వోల్టులు, ఇంకోదానిది 9. పిన్ను సైజు ఒకటే. ఒకసారి తారుమారైనయ్. 9 వోల్టులది పెద్ద డబ్బాకి పెడితే లైట్లు వెలిగినయ్, వైఫై పేరు కూడా వచ్చింది, కానీ ఎవరైనా వీడియో పెట్టగానే డబ్బా తనంతట తనే ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. రెండు వారాలు అర్థం కాలేదు. ఇటువైపు 12 వోల్టులది చిన్న డబ్బాకి తగిలితే అది మాడిపోయేది కూడా, అదృష్టం బాగుండి మిగిలింది. అడాప్టర్ మీద సన్నటి అక్షరాలుంటయ్, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

కోనసీమ_కొబ్బరి
అడాప్టర్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. వైరు నీలం కన్నంలోనే ఉంది.
ఆఫీసుకి మళ్ళీ ఫోన్ చేశాను. రీచార్జ్ మెసేజ్‌లో ఉన్న ఐడీయే యూజర్ నేమ్ అన్నారు, పాస్‌వర్డ్ కొత్తది పెట్టి 'అకౌంట్ అంతా క్లియర్ చేశాం' అన్నారు. రౌటర్‌లో పీపీపీఓఈ ఎంచుకుని రెండూ కొట్టాను. 'కనెక్టింగ్' అని తిరుగుతూనే ఉంది, మళ్ళీ సున్నాలే.

మిర్చిబజ్జీ_గుంటూరు
పిడుగు పడి వాన్ పోర్టు కాలిపోయి ఉంటుంది. మా పక్కింట్లో అలాగే అయింది. ఇక కొనేయడమే.

స్తంభం_మీద_నేను
కాలిందో లేదో చూడకుండా కొనడమెందుకు? గాజులోంచి కరెంటు రాదు. పిడుగు దెబ్బ వచ్చేది ప్లగ్గులోంచి, లేదా ఆరుబయట పక్కింటికి లాగిన లాన్ వైర్లోంచి. మీ పక్కింట్లో రెండోదే జరిగి ఉండొచ్చు. పోర్టు కాలితే వైరు పెట్టినా దాని లైటు వెలగదు. కోనసీమ గారికి నారింజ రంగు వస్తోంది, అంటే వైరు తగిలిందని రౌటర్‌కి తెలుస్తోంది.

సార్, ఒక పరీక్ష చేయండి. నల్ల రౌటర్‌ని పూర్తిగా పక్కన పెట్టండి. తెల్ల డబ్బా నుంచి వచ్చే లాన్ వైరు నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి. విండోస్ నెట్‌వర్క్ సెటింగ్స్‌లో డయల్-అప్ అని ఉంటుంది, అందులో కొత్త కనెక్షన్, బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ ఎంచుకుని అవే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టండి. అక్కడ రాకపోతే తప్పు వాళ్ళది. వస్తే మీ రౌటర్ వైపు చూద్దాం.

నల్లమల_నీడ
ఇలా రెండు డబ్బాలు పెట్టుకునేవాళ్ళకి ఇంకోటి కూడా చెప్పాలి. నా తెల్ల డబ్బా తనే లాగిన్ అయ్యే రకం, లాగిన్ పని రౌటర్‌కి వదిలేసే బ్రిడ్జ్ రకం కాదు. దాని అడ్రసు 192.168.1.1. కొన్న రౌటర్ అడ్రసు కూడా 192.168.1.1. ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే డోర్ నంబరు పెట్టినట్టు, ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చుకోలేక ఏదీ నడవలేదు. రౌటర్ అడ్రసు 192.168.50.1కి మార్చాక ఒక్క నిమిషంలో వచ్చింది.

కోనసీమ_కొబ్బరి
లాప్‌టాప్‌లో వచ్చింది!!! నేరుగా పెడితే నెట్ వస్తోంది, స్పీడ్ టెస్ట్ 48 చూపించింది, మాది 50 ప్లాన్. పాప అరిచిన అరుపుకి కింద పోర్షన్ వాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు.
కానీ వైరు తీసి మళ్ళీ రౌటర్‌కి పెడితే మళ్ళీ సున్నాలు. అంటే రౌటర్ పోయినట్టేనా?

మిర్చిబజ్జీ_గుంటూరు
పోయినట్టే కదా మరి. లాప్‌టాప్‌కి వచ్చింది, రౌటర్‌కి రాలేదు.

చార్మినార్_చాయ్
ఆగండి ఆగండి. రౌటర్‌లో సిస్టమ్ లాగ్ అని ఉంటది, చివరి నాలుగు లైన్లు చూసి చెప్పండి.

కోనసీమ_కొబ్బరి
పీపీపీ అథెంటికేషన్ ఫెయిల్డ్ అని వరసగా ఉంది. పాస్‌వర్డ్ మూడుసార్లు చూసి కొట్టాను, అదే లాప్‌టాప్‌లో పనిచేసింది.

చార్మినార్_చాయ్
అయితే రౌటర్ బతికే ఉందన్నా! పోర్టు కాలి ఉంటే సర్వర్‌తో మాట్లాడేదే కాదు. ఇది తలుపు కొట్టింది, లోపలివాళ్ళు 'నువ్వెవరో మాకు తెలీదు' అన్నారు. నా లెక్క ప్రకారం ఇది మాక్ బైండింగ్. ప్రతి పరికరానికీ మాక్ అడ్రసు అని ఒక సొంత గుర్తింపు నంబరు ఉంటది, చిన్న ఆపరేటర్లు చాలామంది మీ అకౌంట్‌ని దానికి కట్టేస్తారు, ఒకే ఐడీని రెండిళ్ళవాళ్ళు వాడకుండా. ఆఫీసువాళ్ళు క్లియర్ చేశాక మొదట లోపలికి వెళ్ళింది మీ లాప్‌టాప్, అకౌంట్ దానికి అతుక్కుంది. ఇప్పుడు రౌటర్ వెళ్తే గెంటేస్తోంది.

పెన్నా_ఒడ్డు
అది సరే, లాప్‌టాప్ పెట్టకముందు కూడా రాలేదు కదా. దానికేమంటారు?

స్తంభం_మీద_నేను
మంచి ప్రశ్న. కరెంటు ఏడెనిమిది సార్లు పోయిందన్నారు కదా. రౌటర్ పద్ధతిగా లాగౌట్ అవ్వకుండా చచ్చిపోయినప్పుడు సర్వర్‌లో పాత సెషన్ వేలాడుతూ ఉండిపోతుంది. మళ్ళీ వెళ్తే 'ఈ ఐడీ ఇప్పటికే లోపల ఉంది' అని ఆపేస్తుంది. చాలా చోట్ల కొన్ని నిమిషాల్లో దానంతటదే పోతుంది, కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు నొక్కితేనే పోతుంది. మొదటి రోజు ఆ ఒక్క నొక్కుడుతో అయిపోయేది. ఈలోపు సార్ పిన్ను నొక్కడంతో యూజర్ నేమ్ పోయింది. ఇక వాళ్ళు క్లియర్ చేశాక కూడా రౌటర్‌కి రాలేదంటే, పాత సెషన్ అప్పటికింకా పూర్తిగా పోలేదని నా అనుమానం, వాళ్ళ తెర మీద చూస్తేగానీ తేలదు. ఇప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి 'రౌటర్ పోయిందా' అని అడగొద్దు. 'మాక్ రీసెట్ చేసి, సెషన్ డిస్‌కనెక్ట్ చేయండి' అని ఇవే మాటలు అనండి. ఆ మాటలు వింటే అవతలి గొంతు మారుతుంది.

కోనసీమ_కొబ్బరి
ఆఫీసు ఎనిమిదికే మూసేశారు. రేపు ఆదివారం.

చార్మినార్_చాయ్
ఏం పర్లేదు. రౌటర్ పేజీలో మాక్ క్లోన్ అని ఉంటది, రౌటర్ తన నంబరు బదులు వేరే పరికరం నంబరు చెప్పుకునేలా చేసేది. అందులో లాప్‌టాప్ మాక్ అడ్రసు కొట్టండి. వైఫైది కాదు, లాన్ వైరు పెట్టే ఈథర్‌నెట్‌ది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొడితే ఫిజికల్ అడ్రస్ అని వస్తది. లాప్‌టాప్‌లో డయల్ కనెక్షన్‌ని డిస్‌కనెక్ట్ చేశాకే వైరు తీయండి, లేకపోతే ఇంకో సెషన్ వేలాడుతది. పది నిమిషాలు రెండు డబ్బాలూ ఆపి ఉంచండి. తెల్లది ముందు ఆన్ చేసి, పాన్ నిలబడ్డాక నల్లది.

స్తంభం_మీద_నేను
క్లోన్ ఈ రాత్రికి సరే, కానీ సోమవారం మాత్రం మాక్ రీసెట్ చేయించుకోండి. మళ్ళీ ఎవరైనా పిన్ను నొక్కితే క్లోన్ కూడా పోతుంది, అప్పటికి ఇదంతా ఎవరికీ గుర్తుండదు.

చార్మినార్_చాయ్
నాది మూడేళ్ళుగా క్లోన్ మీదే నడుస్తోంది, ఏం కాలేదు.

స్తంభం_మీద_నేను
ఆ లాప్‌టాప్ అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా ఆ నంబరు ఎక్కడ వెతుకుతారు? కాగితం మీద రాసుకుంటేనే నేను ఒప్పుకుంటాను.

మిర్చిబజ్జీ_గుంటూరు
కొబ్బరికాయ కొట్టి ఆన్ చేయండి సార్, మీ ఊళ్ళో వాటికి కొదవ లేదు కదా.

కోనసీమ_కొబ్బరి
@మిర్చిబజ్జీ_గుంటూరు మా ఆవిడ నిజంగానే డబ్బా ముందు ఒకటి కొట్టింది. రాత్రి 10:40కి భూగోళం లైటు ఆకుపచ్చగా మారింది!!
చార్మినార్ గారూ, స్తంభం గారూ, మీ ఇద్దరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కొత్త రౌటర్ కొని ఉంటే అది కూడా ఇలాగే సున్నాలు చూపించేది కదా. అదే తలచుకుంటున్నాను.

కోనసీమ_కొబ్బరి
మళ్ళీ వచ్చాను. అన్నీ తెరుచుకుంటున్నాయి గానీ పాప టెస్ట్ సైటూ, నా బ్యాంక్ సైటూ మాత్రం తెల్ల పేజీ చూపిస్తూ తిరుగుతూనే ఉన్నాయి. లాప్‌టాప్‌కి నేరుగా పెట్టినప్పుడు రెండూ బాగానే వచ్చాయి.

మిర్చిబజ్జీ_గుంటూరు
ఇప్పుడైనా డీఎన్ఎస్ చూడొచ్చా?

చార్మినార్_చాయ్
ఇప్పుడు అడగడం న్యాయమే బ్రో. కానీ పేరు దొరకకపోతే వెంటనే ఎర్రర్ వస్తది, ఇలా తెల్లగా తిరగదు. అన్నా, సెటింగ్స్‌లో ఎంటీయూ అని ఉంటది, అక్కడ ఎంతుంది?

కోనసీమ_కొబ్బరి
1500. నిన్న ఒక వీడియోలో స్పీడ్ పెరుగుతుందంటే అలా పెట్టాను.

చార్మినార్_చాయ్
దొరికింది. లాన్ వైర్లో ఒక మూటకి పట్టేది 1500 బైట్లు. పీపీపీఓఈ తన కవరు కోసం అందులో 8 తీసుకుంటది. మిగిలేది 1492. మీరు 1500 నింపి పంపమంటే చిన్న మూటలు వెళ్తయ్, నిండు మూటలు దారిలో ఆగిపోతయ్. ఆ పెద్ద మూట ముక్కలు చేయాలని తిరుగు కబురు అందే సైట్లు నడుస్తయ్, ఆ కబురుని మధ్యలో ఆపేసే సైట్లు తెల్ల ముఖం పెడతయ్. 1492 పెట్టి సేవ్ కొట్టండి.

కోనసీమ_కొబ్బరి
రెండూ తెరుచుకున్నాయి. పాప లాగిన్ అయి పేరు చూసుకుని పడుకుంది.

హన్మకొండ_అక్క
మంచిగైంది. పాపకి ఆల్ ది బెస్ట్ చెప్పండి.

పెన్నా_ఒడ్డు
చూడకుండానే 'కొత్తది కొనండి' అన్నవాళ్ళని ఊరికే వదలకండి. ఫోన్ చేసిన ప్రతిసారీ కంప్లయింట్ రాయించి డాకెట్ నంబరు అడిగి తీసుకోవాలి, అది ఇవ్వడం వాళ్ళ బాధ్యత. ఆ నంబరుంటేనే రేపు అదే కంపెనీ అప్పీలు అధికారి దగ్గరికి వెళ్ళగలం. నోటిమాటతో ఎన్నిసార్లు చెప్పుకున్నా రికార్డులో ఏమీ ఉండదు.

స్తంభం_మీద_నేను
ఒప్పుకుంటాను. ఫోన్ ఎత్తే పిల్లకి ఎదురుగా ఉన్న తెర మీద ఒక్క ఆకుపచ్చ చుక్కే కనపడుతుంది, ఆమెకి నేర్పింది కూడా అంతే, ఆమెని తిట్టకండి. నేర్పనివాళ్ళని అడగాలి.

కోనసీమ_కొబ్బరి
సోమవారం అప్‌డేట్. పొద్దున్నే ఫోన్ చేసి 'మాక్ రీసెట్ చేసి సెషన్ డిస్‌కనెక్ట్ చేయండి' అన్నాను. ఎవరు మాట్లాడుతున్నారని అడిగి, రెండు నిమిషాల్లో చేశారు. డాకెట్ నంబరు కూడా తీసుకున్నాను. క్లోన్ తీసేశాను, రౌటర్ సొంత నంబరుతోనే నడుస్తోంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, 1492, రెండు అడాప్టర్ల వోల్టులూ అట్టముక్క మీద రాసి డబ్బా వెనకాల గోడకి అంటించాను. పక్కనే మా ఆవిడ గోళ్ళ రంగుతో ఆ కన్నం మీద ఎర్ర చుక్క పెట్టి, 'పిన్ను పెట్టరాదు' అని రాసింది. పాప టెస్ట్ నడుస్తోంది, ఇంకో నలభై నిమిషాలుంది.